వాడకట్టు కట్టుకుంటే అయితదా?

ఫాల్గుణంలో కొడవటంచ నరసింహస్వామి జాతర అంటే రేగొండ మండలం నుంచి పట్నం పోయినవాళ్ళంతా ఒకసారి ఇంటి మొఖం చూస్తారు. అట్లా వచ్చినప్పుడే మా అక్కకూ పెద్దబాపుకూ ఈ వాదం నడిచింది. పెద్దబాపు చాలా ఏండ్లు బడిపంతులుగా చేసి, రిటైరైనంక ఎవుసం చూసుకుంటున్న మనిషి. అక్క హైదరాబాదు తూర్పు కొసన బోడుప్పల్‌లో ఉంటుంది. ఉద్యోగం చేసుకుంటూనే కాలనీ సంక్షేమ సంఘానికి కార్యదర్శిగా తిరుగుతుంది. ముసలివాళ్ళూ పిల్లలూ కలిసి పొద్దు గడిపే జాగ ఒకటి కాలనీలో కట్టించాలని ఆమె పట్టుదల. అట్లాంటిది కడితే రాదని ఆయన నమ్మకం.

నేను హనుమకొండలో ఉంటాను, ఇద్దరికీ నడిమిట్ల. విన్నది విన్నట్టు రాస్తున్నాను, నాకు తోచింది ఒకటి రెండు చోట్ల చెప్తాను. రాయాలని ఎందుకనిపించిందంటే, 2001 నుంచి 2011 దాకా పదేండ్లలో ఉమ్మడి వరంగల్ జిల్లా జనాభా 8 శాతం పెరిగితే, హైదరాబాదును చుట్టుకొని ఉన్న అప్పటి రంగారెడ్డి జిల్లా జనాభా 48 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో మా ఊళ్ళ పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ళను పెంచి పంపిన తల్లిదండ్రులు ఎక్కడ ఉండాలి, ఎట్లా ఉండాలి అన్న మాట ఇప్పుడు రేగొండలో నడవని ఇల్లు లేదు.

పెద్దబాపు: హాలు కడ్తం, కుర్చీలు ఏస్తం అంటున్నవు. మంచిదే బిడ్డా. గని గోడలు లేపంగనే వాడకట్టు కాదు. ఎన్కట నాట్లప్పుడు ఇల్లిల్లంత కదిలేది. నారు పీకేటోళ్ళు పీకుదురు, కట్టలు మోసేటోళ్ళు మోద్దురు. ముసలామె గట్టు మీద కూసోని పసిపిల్లను పట్టుకునేది, సద్ది మూటలకు కావలుండేది. పదేండ్ల పోరడు ఎడ్లను మేపుకొచ్చేది. కల్లంల రాశి పోసినంక ఎన్ని వడ్లయినయో కంటితోనే చెప్పేది తాత. ముసలోళ్ళను గౌరవించాలని ఎవ్వరూ ఎవ్వరికీ పాఠం చెప్పలె. వాళ్ళు లేకుంటె ఆ పూట పని ఆగుతుండె, అందుకే వాళ్ళ మాట నడిచింది. మీ బోడుప్పల్‌ల ముసలాయన లేకుంటె ఏ పని ఆగుతది చెప్పు?

అక్క: అది నిజమే పెద్దబాపూ, కానీ ఎప్పటి ముచ్చట? ఇప్పుడు కోతకు మిషన్ వస్తున్నది. పొద్దుగూకకముందే వడ్లు కాంటా కాడికి పోతున్నయి. తాత కంటి లెక్క ఎవరడుగుతున్నరు? అయిదో తరగతి రాంగనే పిల్లలు గురుకులాలకు పోతున్నరు. ఇంటర్‌కు హనుమకొండ, ఆ తర్వాత ఉప్పల్ బస్సు. జాతర అయిపోయినంక రాత్రి ఎనిమిదింటికి ఈ వాడల తిరిగి చూడు. లైటు వెలిగే ఇండ్లల్ల ఇద్దరిద్దరు ముసలోళ్ళు తప్ప ఇంకెవరున్నరు? ఊరే ఒక్క వయసుది అయిపోయింది. నువ్వు చెప్పే వాడకట్టు నా కాలనీల లేదు, నీ ఊర్ల కూడా లేదు.

పెద్దబాపు: ఊరు ఒట్టిగయితున్నదంటె కాదన. అయినా పొద్దున లేస్తె నాకు ఇక్కడ పని ఉన్నది. బ్యాంకు కాయిదం చదివి చెప్పుమని ఒకడొస్తడు, పాసుబుక్కుల పేరు తప్పు పడ్డదని ఇంకొకడొస్తడు. అన్నదమ్ములు గెట్టు కాడ కొట్లాడితె నన్ను పిలుస్తరు. నీ ఇంటికొస్తె టీవీ రిమోటు నా చేతిల పెడ్తరు, ఏం కావాల్నని అడుగుతరు. ఏం చెయ్యాల్నో మాత్రం ఎవ్వరూ అడుగరు.

అంత దూరం ఎందుకు, భూపాలపల్లి చూడు. మన కండ్ల ముందట పెరిగిన పట్నం. కేటీకే బొగ్గు బాయిలు తవ్విన్రు, సింగరేణి క్వార్టర్లు కట్టిన్రు. రోడ్లున్నయి, నీళ్ళున్నయి, దవాఖాన ఉన్నది. గని ఆ క్వార్టర్ నౌకరిది, మనిషిది కాదు. అరవై ఒకటి నిండి దిగిపోయినంక క్వార్టర్ ఖాళీ చెయ్యాలె. కొడుక్కు సుత సింగరేణిల నౌకరి ఉంటె తండ్రి వాని క్వార్టర్ల ఉంటడు, లేకుంటె సామాను కట్టుకుంటడు. పని చేసే వయసు కొరకు కట్టిన ఊర్ల ముసలితనానికి జాగ ఉండది. మీ కాలనీలు సుత అసొంటియే, నెలనెలా బ్యాంకు కిస్తీ కట్టేటోని కొరకు కట్టినయి.

అక్క: నేను అనేది కూడా అదే. కట్టుడుల తప్పున్నప్పుడు కట్టుడులనే దిద్దుకోవాలె. 2017 నవంబరుల ఉప్పల్‌కు మెట్రో వచ్చింది, పోచారంల ఇన్ఫోసిస్ ముందునుంచే ఉన్నది. బోడుప్పల్, పీర్జాదిగూడ, నారపల్లి అట్ల చూస్తుండంగనే నిండిపోయినయి. వరంగల్ రోడ్డు మీద ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పని 2018ల మొదలువెట్టిన్రు, ఏండ్లకేండ్లు సాగింది. ఆ తవ్విన రోడ్డు దాటి అవతలి పక్క మందుల దుకాణానికి మా అత్తమ్మ ఒక్కతి పోలేకపోయేది. ఆమెకు కాళ్ళు బాగనే ఉన్నయి. రోడ్డే బాగలేదు.

ఖాళీ జాగ ముచ్చట విను. 2012 నాటి జీవో 168 ప్రకారం 4000 చదరపు మీటర్లు దాటిన గ్రూపు ఇండ్ల స్థలంల 10 శాతం ఖాళీగ ఉంచాలె. నాలుగు వేల మీటర్లంటె ఇంచుమించు ఎకరం. మా గల్లీల అపార్టుమెంట్లు లేచేది మూడు నాలుగు వందల గజాల మీద. వాటికి ఆ నిబంధన తగలనే తగలది. పాత పంచాయతీ ప్లాట్లను క్రమబద్ధం చేసుకోమని 2020ల ఎల్ఆర్ఎస్ అన్నరు, ఖాళీ జాగ లేనందుకు ప్లాటు విలువల 14 శాతం పైసలు కట్టుమన్నరు. పైసలు కడితె కాయిదం వస్తది కానీ పిల్లలు ఆడుకునే జాగ రాదు కదా. అంటే మా దగ్గర తాత, మనుమడు ఎదురుపడే చోటు ఏదన్నా ఉన్నదంటె లిఫ్టు ఒక్కటే. అందుకే కడ్తనంటున్న.

పెద్దబాపు: జాగ కావాలె, ఒప్పుకుంట. జాగ వస్తె మనుషులు కలుస్తరన్న కాడనే నాకు నమ్మకం లేదు. సర్కారు 2007ల చట్టం తెచ్చింది, కన్నోళ్ళను సాకకపోతె ఆర్డీవో కాడికి పోవచ్చని. నెలకు పది వేల దాకా ఇప్పియ్యొచ్చు. మంచి చట్టమే, దిక్కులేనోళ్ళకు అండ. గని కొడుకు పక్కన కూసోవాల్నని ఏ ఆర్డీవో రాసియ్యగలడు?

అక్క: పక్కన కూసోమని ఎవ్వరూ రాసియ్యలేరు. దగ్గరుండేటట్టు మాత్రం చెయ్యొచ్చు. సింగపూర్‌ల చేసిన్రు. చేతులు మారే సర్కారు ఫ్లాటు కొనుక్కునే కుటుంబం తల్లిదండ్రులతోని ఉంటె 30 వేల డాలర్లు, నాలుగు కిలోమీటర్ల లోపల ఉంటె 20 వేల డాలర్లు ఇస్తమని 2018ల పెట్టిన్రు. కలిసి ఉంటెనే ఇస్తమని పట్టువట్టలె. అదే దేశంల కంపుంగ్ అడ్మిరాల్టీ అని కట్టిన్రు, పెద్దోళ్ళకు 104 ఇండ్లు. కింద తిండి దుకాణాలు, మధ్యల దవాఖాన, పైన పసిపిల్లల కేంద్రం, దాని పక్కన్నే వృద్ధుల కేంద్రం. నెదర్లాండ్స్‌ల డెవెంటర్ అనే ఊర్ల ఒక వృద్ధుల నివాసం ఉన్నది. కాలేజీ పిల్లలకు కిరాయి లేకుండ గది ఇస్తరు. బదులుకు నెలకు 30 గంటలు వాళ్ళు పెద్దోళ్ళతోని గడపాలె. 2012 నుంచి నడుస్తున్నది.

పెద్దబాపు: చూసినవా మరి! ఆ పోరగాళ్ళకు కిరాయి లేని గది అక్కర. ముసలోళ్ళకు మాట్లాడే మనిషి అక్కర. రెండు అక్కరలు ఉన్నయి కాబట్టి అది నిలబడ్డది. నాట్ల ముచ్చట నేను చెప్పింది సుత ఇదే.

అక్క: అయితే అక్కర అనేది కూడా మనం కల్పించుకోవచ్చని నువ్వే ఒప్పుకున్నట్టయింది. ఆ గది కిరాయి లేకుండ ఇస్తమని ఎవరో కూసోని అనుకున్నరు. అది వానతోని మొలిచింది కాదు.

పెద్దబాపు వెంటనే బదులు చెప్పలేదు. ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. మన దగ్గర ఈ సంగతి ఎప్పుడు వచ్చినా సంస్కారం మీదికి పోతుంది. ఇప్పటి పిల్లలకు ప్రేమ లేదు, పెద్దలకు సర్దుకుపోవడం రాదు అని రెండు తిట్లతో ముగుస్తుంది. ఈ ఇద్దరూ ఆ తోవ తొక్కలేదు. ప్రేమ ఉందనే ఇద్దరి నమ్మకం. అది మనుషుల మధ్య రోజూ తిరగడానికి ఏ పని, ఏ జాగ కావాలన్నదే కొట్లాట. ఈ కొట్లాటకు తొందర కూడా ఉంది. 2011 జనగణనలో దేశంలో అరవై దాటినవాళ్ళు 10 కోట్ల 38 లక్షలు, నూటికి తొమ్మిది మంది కంటే తక్కువ. 2050 నాటికి నూటికి ఇరవై దాటుతారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా. తెలంగాణలో ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.8 అని 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఒక మనుమరాలి చుట్టూ నలుగురు అవ్వాతాతలు ఉండే ఇండ్లు ఇక ముందు ఎక్కువవుతాయి. నలుగురికీ ఆ ఒక్క పిల్లే లోకమైతే ఆ పిల్ల మోయలేదు, వాళ్ళకూ సరిపోదు. వాళ్ళ లోకం ఇల్లు దాటి గల్లీలోకి రావాలి.

పెద్దబాపు: సరే, మీ కాలనీల ఏ అక్కర ఉన్నదో చెప్పు. కమిటీ కూసోని ఊహించింది కాదు, ఉన్నది చెప్పు.

అక్క: మూడున్నర నుంచి ఏడు దాకా. బడి బస్సు మూడున్నరకు పిల్లలను గేటు కాడ దింపుతది. తల్లీ తండ్రీ ఇంటికొచ్చేది ఏడింటికి. ఆ మూడున్నర గంటలు కొందరు పిల్లలు ట్యూషన్‌ల, కొందరు తాళం తీసుకొని ఒంటిగ ఇంట్ల, ఫోను పట్టుకొని. అదే అంతస్తుల పక్క తలుపు వెనుక ఒక ముసలామె పొద్దటి నుంచి ఎవరితోని మాట్లాడక కూసుంటది. రెండు తలుపుల మధ్య నాలుగు గజాలు. ఆ నాలుగు గజాలే నేను కట్టాలనుకునేది. గొప్ప హాలు నాకు అక్కరలేదు. కింద ఒక పెద్ద గది, మెట్లు లేకుండ వాలు దారి, దగ్గర్లనే మరుగుదొడ్డి, బస్సు ఆగే కాడ నీడల ఒక బల్ల.

పెద్దబాపు: ఆ గది తాళం చెవి ఎవరి దగ్గరుంటది?

అక్క: సంఘం దగ్గర.

పెద్దబాపు: సంఘంల సభ్యులెవరు?

అక్క: ఫ్లాటు ఓనర్లు.

పెద్దబాపు: ఫ్లాటు కొడుకు పేరు మీద. మరి తండ్రికి ఓటు ఉన్నదా? ఇక్కడ నాకు పంచాయతీల ఓటున్నది, బజార్ల మాటున్నది. అక్కడ నేను నా కొడుకు ఇంటికొచ్చిన చుట్టాన్ని. కిరాయికి ఉన్నోళ్ళకు ఓటు లేదు. వాచ్‌మన్ పెండ్లానికి, ఆమె పిల్లలకు అసలు లెక్కనే లేదు. మాట చెల్లని కాడ మనిషి ఎన్నేండ్లున్నా ఆ జాగ ఆయనది కాదు. నువ్వు ముసలోళ్ళ కొరకు కడ్తనంటున్నవు. వాళ్ళతోని కట్టియ్యి, అప్పుడు వింట.

(ఈ మాట అక్కకు తగిలింది. సంఘాలలో తిరిగే మనిషికి కూడా అది తట్టకపోవడం వింత కాదు. ఓనర్ల సంఘం అన్న పేరు మనకు అంత అలవాటైపోయింది.)

అక్క: మార్చుకోవచ్చు. మాది సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘం. జనరల్ బాడీల తీర్మానం పెట్టి నిబంధనలు సవరిస్తె ఇంట్ల ఉండే పెద్దోళ్ళకు, కిరాయిదార్లకు సభ్యత్వం ఇయ్యొచ్చు. కొట్లాట అయితది. కానీ మాట చెల్లుబాటు అన్నవు కాబట్టి అడుగుత, కోపం చెయ్యకు. నువ్వు మెచ్చుకునే ఈ వాడకట్టుల, మన అరుగు మీద ఏ వాడ పిల్లలు కూసున్నరు? ఊరవతలి వాడ తాత వడ్ల లెక్క కంటితోని చెప్తె ఎవరు విన్నరు? ఆయన కూడా కల్లంల ఉన్నడు కదా, అందరికంటె ఎక్కువ పని చేసిండు.

పెద్దబాపు: బడిల అందరూ ఒక్క బెంచి మీద కూసున్నరు. అరుగు మీద కూసోలె. అబద్ధమాడ.

అక్క: అందుకే నాకు పాత వాడకట్టు తిరిగి వస్తె చాలదు. మా కాలనీల తెలియని జిల్లాలోళ్ళు, తెలియని కులాలోళ్ళు పక్కపక్కన ఉన్నరు. ఎవరి అరుగు ఎవరిదో ఇంకా తేలలేదు. ఇప్పుడు సరిగ్గ కడితె మన ఊర్ల లేనిది అక్కడ వస్తది. ఇప్పుడు కట్టకపోతె అక్కడ కూడా గేట్లు లేస్తయి. కిరాయికి ఇల్లు అడిగితె మీరెవలని అడుగుడు అప్పుడే మొదలైంది.

అప్పటిదాకా లోపల ఉన్న పెద్దమ్మ బయటికొచ్చింది. ఆమె కొంతకాలం నారపల్లిలో కొడుకు ఇంట్లో ఉండి వచ్చింది.

పెద్దమ్మ: మీ ఇద్దరి ముచ్చట ఇంటనే ఉన్న. గట్టు మీద కూసున్న ముసలామె అంటున్నడు మీ పెద్దబాపు. ఆమె యాడ కూసున్నది? సంకల పిల్ల, చేతిల నారు కట్ట. మా అత్త అట్లనే చేసింది, నా కండ్లార సూసిన. నాటేసినోళ్ళకు కైకిలి లెక్కగట్టిండ్రు. పిల్లను పట్టినామెకు ఎవలు గట్టిండ్రు? నారపల్లిల మనుమరాలు సంకల ఉన్నన్నాళ్ళు నేనంటె అందరికి అక్కర. పిల్ల బడికి పోవుడు మొదలైంది, ఇగ నన్ను ఉండుమన్నోళ్ళు లేరు, పొమ్మన్నోళ్ళు లేరు. ఇప్పుడు బిడ్డ గది కడ్తనంటున్నది. ఆ గదిల తాతలు పేపర్ చదువుతరు, పిల్లల ముక్కు తుడిసేది మేము. గదైతె మంచిదే. పైసలిస్తరా?

పెద్దబాపు: పిల్లలను చూసినందుకు పైసలా? పైసలొచ్చినంక అది ఆయా నౌకరి అయితది. అవ్వతనం పోతది.

పెద్దమ్మ: నువ్వు ఏండ్లకేండ్లు పిల్లలకు చదువు చెప్పి జీతం తీసుకున్నవు. ఇప్పటికి పింఛను తీసుకుంటున్నవు. పిల్లల మీద నీ పావురం తగ్గిందా?

వాదం అక్కడ మలుపు తిరిగింది, నాకు అది సరైన మలుపే అనిపించింది. పెద్దల అనుభవం అని మనం మెచ్చుకునే దాంట్లో సగానికి పైగా ఆడవాళ్ళ కూలి లేని చాకిరీ ఉంది. దాన్ని పక్కన పెట్టి తరాల కలయిక గురించి ఎంత మాట్లాడినా అది మగవాళ్ళ ముచ్చటే అవుతుంది. అవ్వ చేసే పనికి విలువ కట్టి చేతిలో పెడితే పట్నంలో ఆమె చుట్టం కాదు, పనిమనిషీ కాదు. సొంత సంపాదన, సొంత వేళలు, నలుగురితో స్నేహం ఉన్న మనిషి. రానని చెప్పే హక్కు కూడా ఆమెకు ఉంటుంది. ఆ హక్కు లేనిచోట పిల్లలను చూసుకోవడం ఇష్టమో బలవంతమో ఎవరికీ తెలియదు. పెద్దబాపు చెప్పిన అక్కర, అక్క చెప్పిన జాగ రెండూ పెద్దమ్మ అడిగిన పైసలతోనే నిలబడతాయని నా నమ్మకం.

అక్క: ఇయ్యాలె పెద్దమ్మా. పిల్లల తల్లిదండ్రులు ట్యూషన్‌కు కట్టేదాంట్ల సగం ఈ గదికి కడ్తరు. అందులకెళ్ళి ఇస్తం.

పెద్దబాపు: అట్ల వద్దు. తల్లిదండ్రులు కడితె కట్టగలిగినోని పిల్లలే వస్తరు. వాచ్‌మన్ బిడ్డ గేటు కాడనే నిలబడ్తది. ఇంత సేపు అరుగు గురించి నన్ను అడిగినవు కదా, నువ్వు అదే అరుగు మళ్ళ కడుతున్నవు. కాలనీ మొత్తం కట్టే మెయింటెనెన్స్‌ల నుంచి తియ్యి. వీధి లైటుకు ఎట్ల తీస్తరో అట్ల.

అక్క ఆగింది. ఇంతసేపు కట్టవద్దన్న మనిషి ఇప్పుడు ఎట్లా కట్టాలో చెప్తున్నాడని ఆమెకూ తెలిసింది, ఆయనకూ తెలిసింది. ఎవ్వరూ ఆ మాట పైకి అనలేదు.

అక్క: జనరల్ బాడీల పడనియ్యరు పెద్దబాపూ. పిల్లలు లేని ఇండ్లోళ్ళు మేమెందుకు కట్టాలె అంటరు.

పెద్దబాపు: వాళ్ళ ఇంట్ల ముసలోళ్ళు లేరా? రేపు వాళ్ళు ముసలిగ కారా?

అక్క: ఉన్నరు. అయినా అంటరు. పిల్లలున్నోళ్ళు సుత మా పిల్లలను ఎవరో తెలియనామె కాడ ఎట్ల విడిచిపెడ్తమంటరు. అది ఉత్త పట్టింపు కాదు, పిల్లల భద్రత ముచ్చట. ఒక్కరే ఉండొద్దు, ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఉండాలె, తలుపు తెరిచి ఉండాలె, ఎవరొచ్చిన్రు ఎవరు పోయిన్రు రాసి పెట్టాలె. అది నేను చూసుకుంట. పైసల కాడనే పడ్తది పేచీ.

పెద్దబాపు: లిఫ్టు కింది అంతస్తోడు ఎక్కుతడా? అయినా కడుతున్నడు కదా. అదే చెప్పు వాళ్ళకు.

అక్క: కడ్తలేరు. గ్రౌండ్ ఫ్లోరు వాళ్ళు లిఫ్టు ఖర్చుల మా వాటా లేదంటున్నరు. ఆ కొట్లాట మా అపార్టుమెంటుల ఇంకా తెగలేదు.

పెద్దబాపు: అయితే మొదలు దాన్ని తెంపు. ఎవని అంతస్తుకు వాడే కట్టుకునే కాడ నీ గదికి ఎవడిస్తడు? ఆ జనరల్ బాడీ ఎప్పుడున్నదో చెప్పు. మీ పెద్దమ్మ వస్తనంటె తోలుకపో, ఓటు లేకున్నా మాట్లాడనియ్యి.

పెద్దమ్మ: బస్సు కిరాయి సంఘం ఇస్తదా, నేను పెట్టుకోవాల్నా?